లైనక్స్ వేసి ఇవ్వడంతో పని అయిపోదు

సంపాదకులకు నమస్కారం.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్పు ఉండాలి, ప్రాసెసరు కూడా మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉండాలి. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందు వచ్చిన ప్రాసెసర్లు దాదాపు అన్నీ ఆ జాబితాకు బయటే ఉన్నాయి. దాంతో ఏ లోపమూ లేని కంప్యూటర్లు మూలన పడే పరిస్థితి వచ్చింది. వాటిలో విండోస్‌కు బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోమని చెప్పేవాళ్లు పెరిగారు. సలహా మంచిదే కానీ సగమే చెబుతున్నారు. లైనక్స్ వేసుకున్న వారం పది రోజుల్లో కొత్తవాళ్లను వెనక్కి పంపేసే ఇబ్బందులు దాదాపు ఎప్పుడూ అవే. అవి ఎందుకు వస్తాయో, ఎలా తప్పించాలో ముందే తెలుసు. కంప్యూటర్ చేతికి ఇచ్చేముందే వాటిని చక్కబెట్టే బాధ్యత వేసిచ్చేవాళ్లదీ, ఉబుంటు, మింట్, ఫెడోరా లాంటి డిస్ట్రోలను, అంటే లైనక్స్ రకాలను, తయారుచేసేవాళ్లదీ. ఆ భారాన్ని కొత్తవాళ్ల మీదే వదిలేయడం న్యాయం కాదు.

ఏ డిస్ట్రో అన్న చర్చకంటే ముందు, ఆ మనిషి కంప్యూటర్‌తో రోజూ ఏ పని చేస్తారో అడగాలి. బ్రౌజర్, వీడియోలు, ఉత్తరాలు, లెక్కల పట్టికలు అయితే ఏ చిక్కూ లేదు. ఫొటోషాప్ మీదే బతుకుతెరువు ఉన్నవారికి లైనక్స్ వేయకూడదు, అడోబీ దానికి లైనక్స్ కూర్పు ఇవ్వలేదు. వాలొరంట్ లాంటి ఆటలు వాటిలో మోసాన్ని అడ్డుకునే యాంటీ-చీట్ ప్రోగ్రాం కారణంగా నడవవు. ఎక్సెల్ మ్యాక్రోలతో ఆఫీసు నడిపేవారు, ఎంఎస్ ఆఫీసుకు బదులు లైనక్స్‌లో వాడే లిబ్రేఆఫీస్‌లో తమ అసలు ఫైళ్లనే తెరిచి చూసుకున్నాకే నిర్ణయించుకోవాలి. ఈ మాట ముందే చెప్పకుండా "అన్నీ ఉంటాయి" అని భరోసా ఇచ్చేవాళ్లు లైనక్స్‌కు మేలు చేయడం లేదు.

డిస్ట్రో విషయానికొస్తే, విండోస్ నుంచి వచ్చేవారికి లైనక్స్ మింట్ సినమన్ కూర్పు ఇవ్వడం మేలని నా అభిప్రాయం. కింద ప్యానెల్, ఎడమ మూల మెనూ, కిటికీకి మూడు బటన్లు, చేయి ఎటు అలవాటుపడిందో అక్కడే ఉంటాయి. గ్నోమ్ అనే మరో డెస్క్‌టాప్ అందంగానే ఉంటుంది. కానీ దాని అసలు రూపంలో కిటికీని కిందికి దించే బటనే ఉండదు, డెస్క్‌టాప్ మీద ఐకాన్లు ఉండవు. మొదటి రోజే అది నేర్పాల్సిన పని లేదు. రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఉబుంటు దీర్ఘకాలిక కూర్పుకు ఐదేళ్ల మద్దతు ఉంటుంది. మింట్ 22 దాని 24.04 మీద కట్టింది కాబట్టి 2029 ఏప్రిల్ దాకా నడుస్తుంది. ఫెడోరాలో ఒక్కో కూర్పుకు సుమారు పదమూడు నెలలే. ఆ తరహా తరచు మార్పులు కొత్తవారికి వద్దు.

పాత కంప్యూటర్ అనగానే తేలికైన డెస్క్‌టాప్ వెతుకుతారు. నిజానికి ర్యామ్‌ను మింగేది డెస్క్‌టాప్ కంటే బ్రౌజర్. మింట్ కనీసంగా 2 జీబీ ర్యామ్, 20 జీబీ డిస్కు అడుగుతుంది, హాయిగా నడవడానికి 4 జీబీ, 100 జీబీ ఉండాలంటుంది. తిరిగే హార్డ్‌డిస్కు స్థానంలో ఎస్ఎస్‌డీ పెట్టి, ర్యామ్ 8 జీబీ చేస్తే, డెస్క్‌టాప్‌ను ఎంత తేలిక చేసినా రాని వేగం వస్తుంది.

ఇన్‌స్టాల్ చేయడానికి ముందు పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా, అంటే డిస్కులో వేయకుండానే, నడిపి చూడటం చాలామంది దాటేస్తారు. మింట్‌కు 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుందని మాత్రం ముందే చెప్పాలి. డిస్ట్రో మొత్తం ఉండే ఐఎస్ఓ ఫైలు దిగాక, అది సరిగా దిగిందో లేదో చెప్పే ఎస్‌హెచ్ఏ256 సంఖ్యను డిస్ట్రో వెబ్‌సైట్‌లో ఇచ్చిన సంఖ్యతో పోల్చాలి. విండోస్‌లో పవర్‌షెల్ తెరిచి గెట్-ఫైల్‌హ్యాష్ ఆదేశం ఇస్తే ఆ సంఖ్య వస్తుంది. పాడైన ఫైలుతో మొదలుపెడితే ఇన్‌స్టాలేషన్ మధ్యలో ఎక్కడో ఆగిపోయి, తప్పు డిస్కుదా ర్యామ్‌దా అని గంటలు వెతకాల్సి వస్తుంది. తర్వాత రూఫస్ గానీ బలేనా ఎచర్ గానీ అనే ప్రోగ్రాంతో ఐఎస్ఓను పెన్‌డ్రైవ్‌కు రాయాలి. ఐఎస్ఓను మామూలు ఫైలులా కాపీ చేస్తే కంప్యూటర్ దాని నుంచి లేవదు.

లైవ్‌లో చూడాల్సినవి ఇవి: వైఫై కలుస్తోందా, స్పీకరు, మైకు, కెమెరా పనిచేస్తున్నాయా, వెలుతురు తగ్గించే మీటలు పలుకుతున్నాయా, మూత మూసి రెండు నిమిషాలాగి తెరిస్తే తెర తిరిగి వస్తోందా, ప్రింటరు కనిపిస్తోందా. కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై చిప్పులకు డ్రైవరు విడిగా దించుకోవాలి, దించుకోవడానికి నెట్ ఉండదు. అలాంటప్పుడు ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ పెడితే కంప్యూటర్‌కు నెట్ అందుతుంది. ఆపైన మింట్‌లోని డ్రైవర్ మేనేజర్ మిగతాది చూసుకుంటుంది. ఇంత చిన్న కిటుకు తెలియక "లైనక్స్‌లో వైఫై రాదు" అని తేల్చేసినవారు ఎందరో.

విండోస్‌ను కూడా ఉంచుకుంటామంటే అసలు జాగ్రత్త అక్కడే కావాలి. డిస్కుకు విండోస్‌లోని బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉంటే, 48 అంకెల రికవరీ కీని ముందే కాగితం మీద రాసుకోవాలి. సెక్యూర్ బూట్ లాంటి బయోస్ (విండోస్ కంటే ముందే నడిచే ప్రోగ్రాం) అమరికలు మారిస్తే విండోస్ తిరిగి లేచేటప్పుడు ఆ కీ అడగవచ్చు. అది లేకపోతే ఫైళ్లు పోయినట్టే. లైనక్స్‌కు చోటు చేయడానికి డిస్కు విభాగాన్ని (పార్టిషన్‌ను) కుదించే పని విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌తోనే చేయడం క్షేమం.

తర్వాత ఫాస్ట్ స్టార్టప్ సంగతి. అది ఆన్‌లో ఉంటే, షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు. తన స్థితిని డిస్కు మీద దాచుకుని నిద్రపోతుంది. ఆ స్థితిలో ఉన్న విభాగంలో రాస్తే ఫైళ్లు చెడిపోయే ప్రమాదం ఉంది కాబట్టి లైనక్స్ దాన్ని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, ఒక్కోసారి తెరవనే తెరవదు. "నా డీ డ్రైవ్‌లో ఏమీ సేవ్ కావడం లేదు" అన్న ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. విండోస్ పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ టిక్కు తీసేస్తే తీరిపోతుంది.

కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఇన్‌స్టాలర్‌కు డిస్కే కనిపించదు. బయోస్‌లో స్టోరేజీ ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ పద్ధతిలో ఉంటే ఇలా అవుతుంది. ఏహెచ్‌సీఐ అనే పద్ధతికి మారిస్తే కనిపిస్తుంది. కానీ విండోస్ ఉంచుకునేవారు నేరుగా మార్చకూడదు, విండోస్ నీలి తెరతో ఆగిపోతుంది. ముందు విండోస్‌ను సేఫ్ మోడ్‌లో లేచేలా అమర్చాలి. రీస్టార్ట్ చేస్తూ బయోస్‌లో ఏహెచ్‌సీఐకి మార్చాలి. ఒకసారి సేఫ్ మోడ్‌లోకి వెళ్లనిచ్చి, కొత్త పద్ధతికి తగిన డ్రైవరు ఎక్కాక, విండోస్‌ను మళ్లీ మామూలుగా లేచేలా అమర్చాలి.

గడియారం తప్పు చూపడం కూడా రెండు సిస్టమ్‌లు కలిసి ఉన్నచోటే. కంప్యూటర్ లోపలి గడియారంలో విండోస్ స్థానిక సమయం ఉంచుతుంది, లైనక్స్ యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంచుతుంది. ఒకటి వాడి రెండోదానికి మారిన ప్రతిసారీ అంతే తేడాతో గంటలు మారిపోతాయి. లైనక్స్‌ను కూడా స్థానిక సమయం వాడమని చెప్పే ఒక్క అమరికతో సర్దుకుంటుంది.

ఇక ఎన్విడియా గ్రాఫిక్స్, సెక్యూర్ బూట్. కొత్తవారిని అన్నిటికంటే ఎక్కువగా గందరగోళపెట్టే మెట్టు ఇదే. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నప్పుడు లైనక్స్ గుండెకాయ అయిన కెర్నల్, డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను లోపలికి రానివ్వదు. అందుకని మింట్, ఉబుంటు ఇన్‌స్టాలర్లు అదనపు డ్రైవర్లు, పాటలూ వీడియోలూ నడిపే కోడెక్‌లు కావాలని టిక్కు పెట్టినప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమంటాయి. ఎందుకు అడుగుతున్నాయో సరిగా చెప్పవు. తర్వాత రీస్టార్ట్‌లో ఒక నీలి తెర వస్తుంది, ఏదైనా మీట నొక్కమని పది సెకన్లు లెక్కపెడుతుంది. వైరస్ ఏమో అని భయపడో, చూడకుండానో ఊరుకుంటే అది దాటిపోతుంది. డ్రైవరు సంతకాన్ని నమ్మడానికి కావాల్సిన తాళంచెవి నమోదు కాదు, డ్రైవరు ఎక్కదు, రెండో మానిటరు వెలగదు, ఆటలు నత్తనడక నడుస్తాయి. చేయాల్సిందల్లా మీట నొక్కి, "ఎన్‌రోల్ మాక్", ఆ తర్వాత "కంటిన్యూ", "యస్" ఎంచుకుని, ఇందాక పెట్టిన పాస్‌వర్డ్ కొట్టడం. ఆ తెర మీద అమెరికన్ కీబోర్డు అమరికే ఉంటుంది కాబట్టి పాస్‌వర్డ్‌లో ప్రత్యేక గుర్తులు పెట్టకపోవడం మంచిది. డిస్ట్రో తయారీదారులు ఈ నీలి తెర బొమ్మను ఇన్‌స్టాలర్‌లోనే ముందుగా చూపించి, "తర్వాత ఇది వస్తుంది, ఇలా చేయండి" అని రెండు వాక్యాలు రాస్తే చాలు. అంత తేలికైన మేలు ఇంకొకటి లేదు.

ఇన్‌స్టాలర్‌లో కీబోర్డు ఎంచుకునేచోట తెలుగు, హిందీ, అరబిక్ లాంటి లిపిని మొదటిదిగా పెట్టకూడదు. యూజరు పేరు, డిస్కు తాళపు పాస్‌వర్డ్ అక్కడే కొడతారు. ఒక అమరికలో పెట్టిన పాస్‌వర్డును బూట్ సమయంలో ఇంకో అమరికలో కొడితే తాళం తెరుచుకోదు. ఇంగ్లీషు పెట్టి, ఇన్‌స్టాలేషన్ పూర్తయ్యాక వేరే లిపుల్లో టైపు చేయించే ఐబస్ ద్వారా తమ లిపిని చేర్చుకోవాలి. డిస్కు ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి తెప్పించే దారి ఏదీ లేదని వేసిచ్చేవారు స్పష్టంగా చెప్పాలి.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటి గంట వేసిచ్చినవారిదే. అప్‌డేట్లన్నీ పూర్తిచేసి, రీస్టార్ట్ చేసి, వెంటనే టైమ్‌షిఫ్ట్ అనే ప్రోగ్రాంలో ఒక స్నాప్‌షాట్, అంటే తర్వాత వెనక్కి వెళ్లడానికి సిస్టమ్ నకలు, తీయాలి. లైనక్స్ మామూలుగా వాడే ఎక్స్‌ట్4 తరహా డిస్కు మీద ఇది ఫైళ్లను కాపీ చేసే ఆర్‌సింక్ పద్ధతిలో నడుస్తుంది. మొదటి స్నాప్‌షాట్ సిస్టమ్ అంత చోటు తీసుకుంటుంది, తర్వాతవి మారిన ఫైళ్లకు మాత్రమే. చిన్న ఎస్ఎస్‌డీ అయితే రోజువారీ రెండు, వారానికి ఒకటి మించకుండా పరిమితి పెట్టాలి. లేకపోతే డిస్కు నిండిపోతుంది, నిండిన డిస్కుతో లాగిన్ తెర పాస్‌వర్డ్ తీసుకుని మళ్లీ అక్కడికే వస్తుంది. కొత్తవారు పాస్‌వర్డే తప్పేమో అనుకుంటారు. టైమ్‌షిఫ్ట్ సొంత ఫైళ్లను మామూలుగా దాచదన్నది కూడా చెప్పితీరాలి. ఫొటోలు, పత్రాలు బయటి డిస్కుకు పంపడానికి డెజాడప్ లాంటి బ్యాకప్ ప్రోగ్రాం విడిగా అమర్చాలి.

లిబ్రేఆఫీస్‌లో వర్డ్ పత్రం పేజీలు జరిగిపోయాయంటే చాలాసార్లు నేరం ఫాంటుది. కాలిబ్రి లేనిచోట అదే కొలతలున్న కార్లిటో, కేంబ్రియాకు కాలడియా, ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్‌లకు లిబరేషన్ ఫాంట్లు ఉన్నాయి. అవి ఉన్నాయో లేదో చూసి, లేకపోతే వేసిపెట్టాలి. వ్యూ మెనూలో యూజర్ ఇంటర్‌ఫేస్‌కు వెళ్లి ట్యాబ్డ్ ఎంచుకుంటే వర్డ్ అలవాటు ఉన్నవారికి తెర పరిచయమైనట్టు ఉంటుంది.

లాగిన్ పాస్‌వర్డ్ అడక్కుండా నేరుగా తెరుచుకునేలా పెడితే సులువు అనుకుంటాం. అప్పుడు కంప్యూటర్ వేసిన ప్రతిసారీ మొదట క్రోమ్ తెరవగానే కీరింగ్ తెరవమంటూ ఒక పెట్టె వచ్చి పడుతుంది. బ్రౌజరు దాచిన పాస్‌వర్డుల పెట్టె లాగిన్ పాస్‌వర్డుతోనే తెరుచుకుంటుంది, ఆటోమేటిక్ లాగిన్‌లో ఆ పాస్‌వర్డ్ ఎవరూ కొట్టరు గనక. అందుకే మామూలు లాగిన్ ఉంచడమే మేలు.

పెన్‌డ్రైవ్ విషయం మరీ ముఖ్యం. లైనక్స్ రాయాల్సిన డేటాను ముందు ర్యామ్‌లో పెట్టుకుని, వెనక నింపాదిగా పెన్‌డ్రైవ్‌కు రాస్తుంది. కాపీ గీత క్షణంలో చివరికి వెళ్లి అక్కడే ఆగినట్టు కనిపించడం, కొన్నిసార్లు పూర్తయిందని చెప్పినా ఇంకా రాస్తూనే ఉండటం ఇందువల్లే. అప్పుడే లాగేస్తే ఫైలు సగంలో తెగుతుంది. ఎజెక్ట్ నొక్కి, తీసేయవచ్చన్న సందేశం వచ్చేదాకా ఆగాలి. కాపీ గీత ర్యామ్‌కు చేరిన డేటాను కాక పెన్‌డ్రైవ్‌కు చేరిన డేటానే చూపించాలని డెస్క్‌టాప్ తయారీదారులను గట్టిగా అడగాల్సిన సమయం ఎప్పుడో దాటింది.

ప్రింటరు గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. ఎయిర్‌ప్రింట్ గానీ ఐపీపీ ఎవ్రీవేర్ గానీ అనే సౌకర్యం ఉన్న నెట్‌వర్క్ ప్రింటరు డ్రైవరు లేకుండానే పనిచేస్తుంది. కొత్తది కొనేవారు పెట్టె మీద ఆ పేర్లు చూసుకుంటే చాలు.

సాఫ్ట్‌వేర్ వేసుకోవడం దగ్గర విండోస్ అలవాటే అడ్డొస్తుంది. వెబ్‌సైటుకు వెళ్లి ఫైలు దించుకోవడం కాకుండా సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకడం నేర్పాలి. అక్కడ ఒకే ప్రోగ్రాం డిస్ట్రో ఇచ్చే సిస్టమ్ ప్యాకేజీగానూ, ఏ డిస్ట్రోలోనైనా నడిచే ఫ్లాట్‌ప్యాక్‌గానూ రెండు రూపాల్లో ఉండవచ్చు. సిస్టమ్ ప్యాకేజీ చిన్నది, అయితే పాత కూర్పు కావచ్చు. ఫ్లాట్‌ప్యాక్ కొత్తది, కానీ మొదటిసారి దానికి కావాల్సిన తోడు ఫైళ్లతో (రన్‌టైమ్‌లతో) కలిపి వందల ఎంబీలు దిగుతాయి. పైగా అది తన గదిలో తాను ఉంటుంది, అనుమతి లేని ఫోల్డర్లు దానికి కనిపించవు. "ఈ ప్రోగ్రాంలో నా బయటి డిస్కు కనిపించడం లేదు" అంటే ఫ్లాట్‌సీల్ అనే ప్రోగ్రాం తెరిచి ఆ ఫోల్డరుకు అనుమతి ఇవ్వాలి. తయారీదారు ధ్రువీకరించని ఫ్లాట్‌ప్యాక్‌లను మింట్ 22 మామూలుగా చూపించదు. మంచి నిర్ణయం, అలాగే ఉంచాలి.

వెనక అప్‌డేట్లు నడుస్తుండగా ఏదైనా వేయబోతే, ఫలానా లాక్ దొరకలేదని ఎర్రర్ రావచ్చు. నెట్‌లో వెతికితే ఆ లాక్ ఫైలును చెరిపేయమనే సలహాలు కనిపిస్తాయి. అలా చేస్తే ఒకేసారి రెండు ప్రోగ్రాంలు ప్యాకేజీల పట్టికలో రాసి దాన్ని చెడగొట్టవచ్చు. కాసేపు ఆగడమే దానికి మందు. "వేరే అప్‌డేట్ నడుస్తోంది, అయ్యాక నీ పని మొదలుపెడతాను" అని ఆ సందేశమే చెప్పి ఉంటే ఎవరూ ఏదీ చెరపరు.

ఎర్రర్ సందేశాలకు ఉన్న విలువ 2021 నవంబరులో అందరికీ కనిపించింది. యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే డిస్ట్రోలో స్టీమ్ అనే ఆటల ప్రోగ్రాం వేసుకోబోయారు. సాఫ్ట్‌వేర్ దుకాణం సరైన కారణం చెప్పకుండా విఫలమైంది. ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో ప్రయత్నిస్తే, ప్యాకేజీల పొంతన కుదరని ఒక లోపం వల్ల, డెస్క్‌టాప్‌నే తీసేయాల్సి వస్తుందని పొడవాటి జాబితా ఇచ్చి, "అవును, నేను చెప్పినట్టు చెయ్యి" అనే అర్థం వచ్చే వాక్యం టైపు చేయమంది. ఆయన చేశారు, డెస్క్‌టాప్ పోయింది. హెచ్చరిక ఉంది కదా అని ఆయన్ను తప్పుపట్టినవారున్నారు. కానీ ఒక ఆటల ప్రోగ్రాం వేసుకోబోతే డెస్క్‌టాప్ పోతుందని కొత్తవాడు ఎలా ఊహిస్తాడు? అంతటి ప్రమాదకరమైన మాటను బోలెడు ప్యాకేజీ పేర్ల మధ్య పెడితే అది హెచ్చరిక కాదు. ఆ తర్వాత, ప్యాకేజీలను వేసే, తీసే ఏపీటీ ప్రోగ్రాం తయారీదారులు ఆ వాక్యంతో ముందుకెళ్లే వీలును తీసేశారు. నిందను వినియోగదారుడి మీద వేయకుండా ప్రోగ్రాంను మార్చారు. మిగతా అందరూ పోవాల్సిన దారి అదే.

టెర్మినల్‌ను కొత్తవారి నుంచి దాచాల్సిన అవసరం లేదు, మూడు విషయాలు చెబితే భయం పోతుంది. అక్కడ కాపీకి కంట్రోల్, షిఫ్ట్, సీ కలిపి నొక్కాలి, షిఫ్ట్ లేకుండా నొక్కితే నడుస్తున్న పని ఆగిపోతుంది. పాస్‌వర్డ్ కొడుతుంటే చాలా డిస్ట్రోలలో ఏమీ కనిపించదు, కీబోర్డు చెడిపోలేదు. సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇచ్చే సుడోతో మొదలయ్యే ఆదేశాన్ని ఏం చేస్తుందో తెలియకుండా ఎక్కడి నుంచీ తెచ్చి అతికించకూడదు.

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎప్పుడో ఒక అప్‌డేట్ తర్వాత తెర నల్లగా నిలబడవచ్చు. తిరిగి ఫార్మాట్ చేయనక్కర్లేదు. కంపెనీ లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి నొక్కితే, దేన్ని లేపాలో ఎంచుకునే గ్రబ్ మెనూ వస్తుంది. మళ్లీ మళ్లీ నొక్కితే మెనూ దాటి ఖాళీ ఆదేశ పంక్తికి పోతుంది. మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి, అంతకుముందు కెర్నల్ ఎంచుకుంటే తరచుగా కంప్యూటర్ లేస్తుంది. లేవకపోతే, ఇన్‌స్టాలేషన్‌కు వాడిన పెన్‌డ్రైవ్ నుంచి లైవ్‌గా లేపి, అందులోని టైమ్‌షిఫ్ట్‌తో పాత స్నాప్‌షాట్‌ను వెనక్కి తేవచ్చు. అందుకే ఆ పెన్‌డ్రైవ్‌ను చెరపకుండా కంప్యూటర్‌తో పాటు వారికే ఇవ్వాలి. దానితో పాటు లాగిన్ పాస్‌వర్డ్, డిస్కు పాస్‌వర్డ్, గ్రబ్‌కు ఏ మీట నొక్కాలి, బయోస్‌కు ఏ మీట నొక్కాలి అన్నవి రాసిన కాగితం ఒకటి ఇచ్చి, దాన్ని కంప్యూటర్‌కు దూరంగా భద్రపరచుకోమనాలి. ఎవరినైనా సహాయం అడిగేటప్పుడు "పనిచేయడం లేదు" అని మాత్రమే కాకుండా, మింట్ సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లోని కాపీ బటన్‌తో కంప్యూటర్ వివరాలు, ఎర్రర్ సందేశం ఉన్నది ఉన్నట్టుగా, అంతకుముందు చివరగా ఏం మార్చారో కలిపి పంపాలని కూడా ఆ కాగితం మీదే రాయాలి.

ఇట్లు,
కంప్యూటర్ల పనిలో ఉన్న ఒక పాఠకుడు